నిప్పూ నీరూ కలవవంటే: మేష, కర్కాటక రాశుల పొంతన – ఒక కేస్ స్టడీ

నేపథ్యం

జాతకాలు కుదరలేదంటూ ఆగిపోయే సంబంధాల్లో కొన్నిటికి శాస్త్రంలో ఆధారమే ఉండదు. ఎక్కడో విన్న మాట ఇంట్లోకి వస్తుంది, దానికి దోషమని పేరు పడుతుంది, ఆ వెంటనే పరిహారం కోసం వెతుకులాట మొదలవుతుంది. ఈ మధ్య అలాంటి మాటల్లో ముందువరసలో ఉన్నది ‘తత్త్వాలు కలవడం లేదు’ అన్నది, అంటే ఒకరి రాశి అగ్ని, మరొకరిది జలం కాబట్టి పొసగదని. విజయవాడ సత్యనారాయణపురంలో జాతకాలు చూస్తున్న నాకు ఈ మాట తరచూ వినపడుతోంది. ఒక్క కేసును మొదటినుంచి చివరిదాకా రాసిపెడితే ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారికీ, పిల్లల పెళ్లి ప్రయత్నాల్లో ఉన్న తల్లిదండ్రులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఇరువైపులవారి అనుమతి తీసుకున్నాను. పేర్లు, పుట్టిన తేదీలు ఇవ్వడం లేదు. కుటుంబాలను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాశులు, నక్షత్రాలు, పాదాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను, ఎందుకంటే ఈ కేసులో చెప్పవలసినదంతా వాటిలోనే ఉంది.

అమ్మాయిది విజయవాడ. పుష్యమి ఒకటో పాదం, కర్కాటక రాశి. అబ్బాయిది గుంటూరు. అశ్విని నాలుగో పాదం, మేష రాశి. ఇద్దరూ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. బంధువుల ద్వారా వచ్చిన సంబంధం. పెళ్లిచూపులు అయ్యాయి, పిల్లలు ఒకరికొకరు నచ్చారు, తాంబూలాలకు రోజు చూడాలనుకున్నారు.

వచ్చిన సమస్య

ఆ సమయంలో అబ్బాయి పెద్దక్క ఒక యాప్‌లో ఇద్దరి పుట్టిన తేదీలూ వేసి, వచ్చిన ఫలితాన్ని రెండు ఇళ్లవారికీ ఫోనులో పంపింది. అబ్బాయి సింహం, అగ్ని. అమ్మాయి వృశ్చికం, జలం. పక్కన ఎర్రటి గుర్తు, కింద ‘ఈ జంట ఒకరినొకరు ఆర్పేసుకుంటారు’ అనే అర్థం వచ్చే వాక్యం. ఆ అమ్మాయి మీద ఆమెకు ఎలాంటి వ్యతిరేకతా లేదు. తమ్ముడి పెళ్లి కదా, ముందే తెలిస్తే మంచిదని పంపింది.

అమ్మాయి తండ్రి కంగారుపడి పొంతనలు చూసే మరొకరి దగ్గరకు వెళ్లారు. అక్కడ నక్షత్రాలను బట్టి చూస్తే మేషం, కర్కాటకం. మళ్లీ అగ్ని, జలమే. రెండు వేర్వేరు చోట్ల ఒకటే జవాబు వచ్చేసరికి ఆయన అనుమానం నమ్మకంగా మారింది. పైగా అబ్బాయిది అశ్విని కావడంతో ‘జలాగ్ని సంధి’ అన్న మాట కూడా అక్కడ చెవిన పడింది. శాంతి చేయించారు. అయినా భయం పోలేదు. చివరికి అమ్మాయి తల్లితో కలిసి నా దగ్గరకు వచ్చారు.

ఆయన మొదట అడిగింది ఇది: “శాంతి చేయించాం గురువుగారూ. అయినా మనసు కుదుటపడటం లేదు. ఇంతకంటే గట్టి పరిహారం ఏదైనా ఉందా?”

దోషం ఉందా అని ఆయన అడగలేదు. ఉందని తేల్చుకునే వచ్చారు. ఇలాంటప్పుడు ఏదో ఒక హోమమో జపమో చెప్పి పంపించడం చాలా తేలిక, వచ్చినవారు కూడా దానినే కోరుకుంటారు. కానీ లేని దోషానికి పరిహారం చెబితే ఆ దోషం ఉన్నట్టు మనం సంతకం పెట్టినట్టే. రేపు ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య చిన్న మాట పట్టింపు వచ్చినా ‘అప్పుడే చెప్పారు’ అంటారు. అందుకే పరిహారం సంగతి పక్కనపెట్టి, రెండు జాతకాలూ మొదటినుంచి నేనే వేస్తానని చెప్పాను. ఆయనకు అది నచ్చలేదు కానీ ఒప్పుకున్నారు.

ముందుగా చూసినవి

మొదటి పని పుట్టిన సమయాలు సరిచూడటం. చంద్రుడు ఒక రాశిని దాటడానికి సుమారు రెండుంపావు రోజులు, ఒక నక్షత్ర పాదాన్ని దాటడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. అబ్బాయిది అశ్విని చివరి పాదం కాబట్టి కొన్ని గంటల తేడా వస్తే భరణిలోకి వెళ్లిపోతాడు. రాశి మారదు కానీ పొంతనలో నక్షత్రాన్ని బట్టి చూసే గణం, నాడి మారతాయి. అమ్మాయి పుట్టింది తెల్లవారుజామున. మన ఇళ్లలో సూర్యోదయం దాటేదాకా ముందురోజు కిందే లెక్కవేసే అలవాటుంది కాబట్టి, తేదీ ఏది రాశారో అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రి కాగితాలు తెప్పించి చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

తర్వాత యాప్ చెప్పిన సింహం, వృశ్చికం ఎక్కడినుంచి వచ్చాయో చూడాలి. పాశ్చాత్య పద్ధతిలో రాశి అంటే పుట్టినప్పుడు సూర్యుడు ఉన్న రాశి. అదీ సాయన లెక్కలో, అంటే వసంత విషువత్తును (మార్చిలో పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడుండే చోటును) మేషం మొదలుగా పెట్టుకుని. మనం జన్మరాశి అనేది చంద్రుడున్న రాశిని, అది కూడా నిరయన లెక్కలో, నక్షత్రాలను ఆధారం చేసుకుని. ఈ రెండు లెక్కల మధ్య దూరమే అయనాంశ. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన పంచాంగ సంస్కరణ సంఘం 1956 మార్చి 21 నాటికి దీన్ని 23 డిగ్రీల 15 నిమిషాలుగా తీసుకుంది. ఏడాదికి 50 సెకండ్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకండు) చొప్పున పెరుగుతూ ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. రాశి మొత్తం 30 డిగ్రీలే కదా. కాబట్టి పాశ్చాత్య లెక్కలో ఒక సూర్యరాశి వచ్చిన పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి మన లెక్కలో సూర్యుడు అంతకు ముందు రాశిలో ఉంటాడు.

ఈ అబ్బాయి పుట్టింది జులై చివరిలో. యాప్ సింహం అంటుంది, మన పంచాంగం ప్రకారం సూర్యుడు అప్పటికి కర్కాటకంలోనే ఉన్నాడు. అమ్మాయి నవంబరు మొదట్లో పుట్టింది. యాప్ వృశ్చికం అంటుంది, మన లెక్కలో సూర్యుడు తులలో ఉన్నాడు. ఒక్క రాశి వెనక్కి జరిగితే తత్త్వం తప్పనిసరిగా మారిపోతుంది, ఎందుకంటే అగ్ని, భూమి, వాయువు, జలం అనే నాలుగూ మేషం నుంచి అదే వరుసలో మూడుసార్లు తిరుగుతాయి. సాయన సూర్యుణ్ణి బట్టి ఇద్దరివీ అగ్ని, జలం. నిరయన సూర్యుణ్ణి బట్టి జలం, వాయువు. చంద్రుణ్ణి బట్టి మళ్లీ అగ్ని, జలం. మొదటిదీ మూడోదీ కలవడం ఒక యాదృచ్ఛికం. ఒకే పరీక్ష రెండుసార్లు చేస్తే ఒకే జవాబు వచ్చిందని ఆ తండ్రి అనుకున్నారు. నిజానికి అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లెక్కలు.

మూడోది సంధి. జలరాశి ముగిసి అగ్నిరాశి మొదలయ్యే చోట్లు మూడున్నాయి: మీనం–మేషం, కర్కాటకం–సింహం, వృశ్చికం–ధనుస్సు. అక్కడే నక్షత్రాలు కూడా ముగిసి మొదలవుతాయి: రేవతి–అశ్విని, ఆశ్లేష–మఖ, జ్యేష్ఠ–మూల. వీటినే గండాంతాలంటాం. శాస్త్రం నిప్పూ నీరూ కలిసేచోట జాగ్రత్త చెప్పింది అంటే ఇక్కడే. రేవతి, ఆశ్లేష, జ్యేష్ఠల చివరి పాదం, అశ్విని, మఖ, మూలల మొదటి పాదం. ఈ అబ్బాయిది అశ్విని నాలుగో పాదం, మేషంలో పది డిగ్రీలు దాటిన చోటు. సంధికి ఆమడ దూరం. అన్నిటికంటే ముఖ్యం, గండాంతం ఒక శిశువు జాతకానికి చెప్పిన మాట. ఇద్దరి జాతకాలు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు దానితో పనే లేదు. ఎవరో ఒక మాట అన్నారు, ఈ కుటుంబం దాన్ని ఇంకో సందర్భానికి అతికించుకుంది.

గుణమేళనం

ఇక అసలు పొంతన. మనవాళ్లు చూసే ఎనిమిది కూటాలు (పొంతన అంశాలు), వాటి గుణాలు (మార్కులు): వర్ణం 1, వశ్యం 2, తార 3, యోని 4, గ్రహమైత్రి 5, గణం 6, రాశి 7, నాడి 8. మొత్తం 36. సగం, అంటే 18 దాటితే ముందుకు వెళ్లవచ్చంటారు.

ఇందులో తత్త్వానికి చోటెక్కడ? నేరుగా ఎక్కడా లేదు. వర్ణకూటంలో మాత్రం ఆ విభజన దాగి ఉంది. జలరాశులు మూడూ విప్రవర్ణం, అగ్నిరాశులు క్షత్రియ, భూరాశులు వైశ్య, వాయురాశులు శూద్ర. ఇవి రాశులను గుంపులు చేయడానికి పెట్టిన పేర్లు, మనుషుల కులాలతో వీటికి సంబంధం లేదు. వరుడి రాశివర్ణం వధువు రాశివర్ణంతో సమానంగానో పైనో ఉంటే ఒక గుణం, లేకపోతే సున్నా. ఇక్కడ అమ్మాయిది జలం, అబ్బాయిది అగ్ని కాబట్టి సున్నా వచ్చింది. అంటే ఈ ఇంటిని నిద్రపోనివ్వని అగ్ని, జల భేదం మన పట్టికలో తీసుకుపోయింది ముప్పైఆరింటిలో ఒక్క గుణం.

మిగతావి చూద్దాం. ఇద్దరిదీ దేవగణం, ఆరుకు ఆరు. అశ్వినిది ఆద్యనాడి, పుష్యమిది మధ్యనాడి, ఎనిమిదికి ఎనిమిది. మేషానికి కర్కాటకం నాలుగోది, కర్కాటకానికి మేషం పదోది, రాశికూటం ఏడుకు ఏడు. గ్రహమైత్రిలో కుజుడికి చంద్రుడు మిత్రుడు, చంద్రుడికి కుజుడు సముడు (మిత్రుడూ కాదు, శత్రువూ కాదు), అయిదుకు నాలుగు. వర్ణంతో కలిపి ఈ అయిదు కూటాల్లోనే 27కి 25 వచ్చాయి. యోనికూటంలో ఒక్కో నక్షత్రానికి ఒక జంతువు: అశ్విని గుర్రం, పుష్యమి మేక. ఈ రెండు యోనులకూ శత్రుత్వం లేదు.

బలహీనత ఒకచోట ఉంది. అమ్మాయి నక్షత్రం నుంచి లెక్కిస్తే అశ్విని ఇరవై ఒకటోది, తొమ్మిదేసి చొప్పున తీసేస్తే మూడోది, విపత్తార, అంటే అనుకూలం కాని తార. మూడో ఆవృత్తిలో వచ్చింది కాబట్టి దోషం పలచబడుతుందని పెద్దలంటారు. అబ్బాయి వైపు నుంచి లెక్కిస్తే ఎనిమిదోది, మిత్రతార. కాబట్టి తారాకూటంలో సగమే. అంతకుముందు జాతకం చూపించిన చోట తత్త్వం గురించి అంత మాట్లాడారు కానీ ఈ తార సంగతి ఎవరూ ఎత్తలేదు. నిజంగా ఒక మాట చెప్పి జాగ్రత్తపడవలసింది దీని గురించే.

నవాంశ, అంటే రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం, అది కూడా చూశాను. అశ్విని నాలుగో పాదం కర్కాటక నవాంశ, పుష్యమి ఒకటో పాదం సింహ నవాంశ. రాశిలో అగ్ని అయిన అబ్బాయి చంద్రుడు నవాంశలో జలం, జలమైన అమ్మాయి చంద్రుడు అగ్ని. చూడగానే నాకు ముచ్చట వేసింది. కానీ ఆ రోజు వారికి ఇది చెప్పలేదు. భయపడుతున్నవారికి ఇంకో పొర విప్పి చూపిస్తే, ఇంకో భయానికి తావిచ్చినట్టవుతుంది. పైగా ఈరోజు నవాంశ పేరుతో ఊరట చెబితే, రేపు నవాంశ పేరుతోనే ఇంకొకరు భయపెట్టగలరు. కుజదోషం ఇద్దరికీ లేదు, ఆ ఒక్కటి మాత్రం చెప్పాను.

ఫలించనివి

ముందు లెక్కతో మొదలుపెట్టాను. పంచాంగంలో గుణమేళన పట్టిక తీసి, అశ్విని వరుసా పుష్యమి వరుసా కలిసే గడి మీద వేలు పెట్టి చూపించాను. కూటం కూటంగా కాగితం మీద వేసి ఇచ్చాను. ఆయన వ్యాపారస్తులు, లెక్క తెలిసిన మనిషి. ప్రతి అంకెనూ శ్రద్ధగా చూసి, అన్నీ ఒప్పుకుని, చివరికి అన్నారు: “అంతా బాగానే ఉంది గురువుగారూ. కానీ నిప్పూ నీళ్లేగా.”

ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగాను. అంకెలు ఆయన ప్రశ్నకు జవాబు కాదని అప్పుడు స్పష్టమైంది. ఆయన మనసులో ఉన్నది ఒక బొమ్మ. నీళ్లు పోస్తే ఆరిపోయే నిప్పు బొమ్మ. ముప్పైఆరింటిలో ఎన్ని వచ్చాయన్నది ఆ బొమ్మను తాకనే తాకదు.

తర్వాత సాయన, నిరయన భేదం వివరించాను. దీనితో ఇంకా చిక్కు వచ్చింది. అమ్మాయి తల్లి “అయితే ఒక్కో లెక్కకు ఒక్కో తత్త్వమా? మరి ఏది నమ్మాలి?” అన్నారు. ఆమె ప్రశ్న న్యాయమైనదే. ఒక లెక్కను కాదనడానికి రెండో లెక్కను ముందుకు తెస్తే వినేవారికి రెండిటి మీదా నమ్మకం సడలుతుంది. పైగా ఈ వివరణ ఫోనులో అబ్బాయి అక్కదాకా వెళ్లి, తాను పంపింది తప్పని ఎత్తిచూపినట్టు ఆమెకు తగిలింది. కుదరబోతున్న వియ్యంలో ఆడపడుచు మనసు నొచ్చుకోవడం ఎవరికీ మంచిది కాదు. ఆ మాట అక్కడితో ఆపేశాను.

చేయించిన శాంతి ఎందుకు పనిచేయలేదన్నది కూడా ఇక్కడే అర్థమవుతుంది. శాంతి ఒక గ్రహానికో నక్షత్రానికో చేస్తాం. ఈయన భయం ఏ గ్రహానిదీ కాదు.

పనిచేసినవి

మరోసారి వచ్చినప్పుడు మళ్లీ గుణాల ఊసెత్తలేదు. తెల్లకాగితం మీద పన్నెండు గళ్లు గీసి ఆయన ముందు పెట్టాను. మన పద్ధతిలో పైవరుసలో ఎడమ మూల మీనం, దాని పక్కన మేషం. కుడివైపు నిలువు వరుసలో పైనుంచి రెండోది కర్కాటకం, దాని కింద సింహం. కింది వరుసలో ఎడమ మూల ధనుస్సు, పక్కన వృశ్చికం. ఎర్ర పెన్ను, నీలం పెన్ను ఇచ్చి అగ్నిరాశులకు ఎరుపు, జలరాశులకు నీలం గుర్తు పెట్టమన్నాను. పెట్టారు. తర్వాత ఒక్కో గడిలో రాశ్యధిపతి పేరు రాయమన్నాను. కొన్ని నేను చెప్పాను, కొన్ని ఆయనకే తెలుసు.

ఎర్ర గళ్లలో కుజుడు, రవి, గురువు. నీలం గళ్లలో కర్కాటకానికి చంద్రుడు అని రాశారు. వృశ్చికం దగ్గరకు వచ్చి కుజుడు అని రాస్తూ పెన్ను ఆపి, పైన మేషం గడి వైపు చూశారు. మీనంలో గురువు అని రాసి, ధనుస్సు వైపు చూశారు. “రెండిటికీ ఒకరేనా?” అన్నారు.

అవును. నిప్పుకూ నీటికీ పుట్టుశత్రుత్వమే ఉంటే శాస్త్రం ఒకే కుజుడికి అగ్నిరాశి మేషాన్నీ జలరాశి వృశ్చికాన్నీ, ఒకే గురువుకు ధనుస్సునూ మీనాన్నీ అప్పగించేది కాదు. మిగిలినవి సింహం, కర్కాటకం. వాటి అధిపతులు సూర్యచంద్రులు, ఒకరికొకరు మిత్రులు. ఆరు రాశులూ కలిపి చూస్తే అధిపతులు నలుగురే: రవి, చంద్రుడు, కుజుడు, గురువు. గ్రహమైత్రిలో ఈ నలుగురూ ఒక పక్షం, ఇందులో ఏ ఇద్దరి మధ్యా శత్రుత్వం లేదు. శుక్రుడు, బుధుడు, శని రెండో పక్షం. భూరాశులూ వాయురాశులూ కలిపి ఆరు, అవన్నీ ఈ ముగ్గురివే.

నా దృష్టిలో ఈ కేసు మొత్తానికి ప్రాణం ఈ విషయమే, అందుకే కాస్త విడమరిచి చెబుతాను. పాశ్చాత్య పద్ధతిలో అగ్నికి వాయువు తోడు, భూమికి జలం తోడు. గాలి నిప్పును రాజేస్తుంది, నీరు మట్టిని తడుపుతుంది అన్న ఊహ. ఆ పద్ధతిలో అది సబబే, దాన్ని నేను కాదనను. కానీ ఆ నియమాన్ని తెచ్చి మన జన్మరాశుల మీద పెడితే మన పట్టిక ఒకటి చెబుతుంది, ఆ నియమం ఇంకొకటి చెబుతుంది. అగ్ని, జల రాశుల జంటల్లో దేన్ని తీసుకున్నా గ్రహమైత్రి అయిదింటిలో నాలుగుకు తగ్గదు. అదే అగ్ని, వాయు జంటల్లో మేష, మిథునాలకు అర గుణమే, ఎందుకంటే కుజుడికి బుధుడు శత్రువు. సింహ, కుంభాలకు అసలు సున్నా, రవి, శని పరస్పరం శత్రువులు. రాశికూటం చూడండి. ఒకే తత్త్వమున్న వేర్వేరు రాశులు ఎప్పుడూ ఒకదానికొకటి అయిదు, తొమ్మిది స్థానాల్లో పడతాయి. అంటే నవపంచకం, చాలా పట్టికల్లో ఏడుకు సున్నా. అధిపతుల మైత్రి ఉంటే ఆ దోషం పోతుందని సరిపెట్టుకుంటాం, అది వేరే మాట. ‘ఒకే తత్త్వం, అద్భుతమైన జోడీ’ అని యాప్ మెచ్చుకునే జంటకు మన పట్టిక ముందు సున్నా వేసి తర్వాత మినహాయింపు వెతుకుతుంది. ‘ఆర్పేసుకుంటారు’ అని యాప్ అన్న మేష, కర్కాటకాలకు నిండుగా ఏడూ ఇస్తుంది.

వరాహమిహిరుడు బృహజ్జాతకంలో పంచభూతాలను గ్రహాలకు చెప్పాడు. కుజుడు అగ్ని, బుధుడు భూమి, గురువు ఆకాశం, శుక్రుడు జలం, శని వాయువు. రాశుల తత్త్వాలు నాలుగే, అందులో ఆకాశానికి చోటు లేదు. కాబట్టి వృశ్చిక రాశి జలం, దాని అధిపతి అగ్ని. ఒకే రాశిలో రెండూ ఉన్నాయి. తత్త్వం ఒక మనిషి స్వభావాన్ని వర్ణించడానికి పనికొస్తుంది. మేష చంద్రుడు త్వరపడతాడు, కర్కాటక చంద్రుడు మనసులో దాచుకుంటాడు అంటాం, అది నా అనుభవంలోనూ కనిపిస్తుంది. దాన్ని ఇద్దరి మధ్య చెల్లుబాటయ్యే చట్టంగా మార్చడమే చిక్కు.

కాగితం చాలాసేపు చూశాక ఆయన ముఖం తేటపడింది. అయినా తాంబూలాలకు రోజు చూడమని అడగలేదు. దోషం లేదని ఒప్పుకున్న మనిషి ముందుకు కదలకపోతే, వెనక్కి లాగుతున్నది ఇంకేదో ఉందని అర్థం. అప్పుడు నేరుగా అడిగాను: “జాతకం సంగతి వదిలేయండి. ఆ అబ్బాయిలో మీకు నిప్పులా కనిపించినది ఏమిటి?”

ఆయన భార్య వైపు చూశారు. ఆమె చెప్పారు. పెళ్లిచూపుల తర్వాత రెండు కుటుంబాలూ కలిసి మంగళగిరి పానకాల స్వామి దర్శనానికి వెళ్లాయి. కొండ దిగాక కారు కోసం ఎండలో నిలబడవలసి వచ్చింది. డ్రైవరు ఫోను ఎత్తలేదు. వచ్చాక అబ్బాయి అందరి ముందూ అతని మీద గట్టిగా అరిచాడు. అంతే. కానీ అమ్మాయి తండ్రికి సొంత అక్క ఉంది. కోపిష్టి భర్తతో ఆమె పడిన బాధలన్నీ చిన్నప్పటినుంచి చూస్తూ పెరిగిన తమ్ముడు ఆయన. కొండ కింద విన్న ఆ కేక ఆయనలో ఉండిపోయింది. బయటికి చెబితే ‘ఇంతమాత్రానికే సంబంధం వదులుకుంటారా’ అంటారు. యాప్ అగ్ని అన్న మాట పంపేసరికి ఆ భయానికి ఒక పేరు దొరికింది, మర్యాదగా చెప్పుకోదగిన పేరు.

ఇక్కడ నేను తీసుకోవలసిన నిర్ణయం కష్టమైనది. జాతకం నుంచి కోపం గురించి చెప్పమంటే చెప్పగలను. మేష చంద్రుడు, అధిపతి కుజుడు, నక్షత్రాధిపతి కేతువు. ‘కోపం ఉంది కానీ తొందరగా చల్లారుతుంది’ అని ఒక వాక్యం చెబితే వారు నమ్మి వెళ్లిపోయేవారు. చెప్పలేదు. చక్రం స్వభావంలోని మొగ్గు చూపిస్తుంది. ఆ మొగ్గు ఉన్న మనిషి భార్యతో ఎలా మెలుగుతాడో అతని పెంపకం, అతని తెలివిడి నిర్ణయిస్తాయి. అడిగి తెలుసుకోగలిగిన విషయాన్ని గ్రహాల మీద పెట్టకూడదని నా నియమం. ఒక ఆడపిల్ల కాపురానికి సంబంధించిన చోట ఆ నియమాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాను.

అప్పుడు తెలిసింది, అమ్మాయికి ఈ గొడవలో అసలు కారణమే చెప్పలేదని. ‘జాతకాల్లో చిన్న సందేహం, పంతులుగారు చూస్తున్నారు’ అన్నారట. ఆమెను తీసుకురమ్మన్నాను. వచ్చింది. తల్లిదండ్రుల ముందే విషయమంతా చెప్పాను. ఆమె శాంతంగా విని, “ఆ రోజు నేనూ చూశాను గురువుగారూ. నాన్న ఏమీ అనకపోతే ఆయనకు పట్టలేదనుకున్నాను” అంది. తండ్రి ఇన్నాళ్లూ మోసిన భయమే కూతురికీ ఉంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

నేను చెప్పినవి రెండే. ఒకటి, అబ్బాయితో ఆమె ఆ సంఘటన గురించి దాచకుండా మాట్లాడాలి. ఎలా జవాబు చెబుతాడో, విసుక్కుంటాడో, వింటాడో ఆమే చూసుకుంటుంది. రెండు, తండ్రి అబ్బాయితో కలిసి పనిచేసేవారిని, అతని కింద పనిచేసేవారిని విచారించాలి. బంధువులను అడిగితే అందరూ బంగారమే అంటారు. తొందరేమీ లేదు, వచ్చేది ఎలాగూ ఆషాఢం కాబట్టి ఆ నెలంతా దీనికి వాడుకోమన్నాను.

తర్వాత జరిగినవి

వాళ్లు ఒకసారి కాదు, పలుసార్లు మాట్లాడుకున్నారు. తనకు కోపం వస్తుందని అబ్బాయి ఒప్పుకున్నాడని, ఆ రోజు ఇంటికి వెళ్లాక తల్లి కూడా మందలించిందని చెప్పాడని అమ్మాయి చెప్పింది. ఆమెకు తృప్తి కలిగించింది ఆ ఒప్పుకోలు కంటే, ఆ తర్వాత ఆమె వేసిన ప్రశ్నలకు అతను దాటవేయకుండా జవాబివ్వడం. పెళ్లయ్యాక తనను ఉద్యోగం మానేయమని అడుగుతారా అన్నది వాటిలో ఒకటి. తండ్రి విచారణలో చెడ్డమాట ఏదీ రాలేదు. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకున్నారు.

ముహూర్తం నేనే పెట్టాను. ఇక్కడ విపత్తారను గుర్తుపెట్టుకున్నాను. పొంతనలో బలహీనంగా ఉన్నది తార కాబట్టి, ముహూర్త నక్షత్రం అశ్వినికీ పుష్యమికీ కూడా తారాబలం ఉండేలా, ఇద్దరికీ చంద్రబలం కుదిరేలా వెతికాను. దానివల్ల ముందు అనుకున్న రోజు వదులుకుని మాఘమాసం దాకా ఆగవలసి వచ్చింది. మండపం అడ్వాన్సు ఇచ్చేశామని కొంచెం నొచ్చుకున్నారు కానీ ఒప్పుకున్నారు. పరిహారాలేవీ చేయించలేదు. అబ్బాయి అక్కతో నేనే మాట్లాడాను. ఆమె పంపిన బొమ్మ వల్లనే ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం బయటికొచ్చిందని చెప్పాను. అది నిజం కూడా.

పెళ్లి జరిగి ఇంకా ఎక్కువ కాలం కాలేదు. బాగున్నారని వింటున్నాను. దాన్ని నా లెక్క సరైనదనడానికి సాక్ష్యంగా చూపించను. సంసారం ఎలా సాగిందో చెప్పడానికి ఏళ్లు కావాలి.

ఈ కేసు తర్వాత నా పనిలో చేసుకున్న మార్పులు

పొంతన కాగితం మీద ఇప్పుడు గుణాల మొత్తం ఒక్కటే వేసి ఇవ్వడం లేదు. ఏ కూటంలో ఎందుకు తగ్గిందో పక్కనే రాస్తున్నాను. తత్త్వం గురించి అడిగినవారికి వర్ణకూటం గడి చూపించి, అది ఎంతవరకో చెబుతున్నాను. సింహ, కుంభాల వంటి జంట వస్తే, యాప్ ఎంత మెచ్చుకున్నా, గ్రహమైత్రి సున్నా అన్న సంగతి దాచకుండా చెప్పి, మిగతా కూటాలు ఎంత బలంగా ఉన్నాయో చూసి మాట్లాడుతున్నాను.

పరిహారం అడుగుతూ వచ్చినవారిని ముందు అడిగేది, ఈ సంబంధంలో మీకు నచ్చనిది ఏమిటని. చాలామంది మొదట ఏమీ లేదంటారు. అందుకే ఆ ప్రశ్న మొదట్లో ఒకసారి, జాతకాలు చూసి చెప్పాక ఇంకోసారి అడుగుతున్నాను. జవాబు సాధారణంగా రెండోసారే వస్తుంది. పెళ్లి చేసుకోబోయేవారు పక్కన లేకుండా, వారికి కారణం తెలియకుండా, దోషం పేరుతో సంబంధం వదులుకోమని గానీ ముందుకు వెళ్లమని గానీ చెప్పడం మానేశాను. వారు దూరంలో ఉంటే ఫోనులోనైనా మాట్లాడించమంటున్నాను. కొన్ని కుటుంబాలు దీనికి ఒప్పుకోక వేరేచోటికి వెళుతున్నాయి. వెళ్లేవారికి కూడా వేసిన జాతకాలు, కూటాల వివరం రాసి చేతికిస్తున్నాను, తర్వాత చూసేవారు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర లేకుండా.